లైట్ వస్తే చాలదు

కామారెడ్డిలో కలెక్టరేట్, లింగంపేట దాటి వెళ్తే ఎల్లారెడ్డిలో రెవెన్యూ డివిజన్ ఆఫీసు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయ్యాక ఈ రెండు ఊళ్ల మధ్య కాగితాలతో పాటు డేటా కూడా తిరగాల్సి వచ్చింది. మిషన్ భగీరథ మంచినీటి పైపులకు తవ్విన కందకాల్లోనే ఫైబర్ డక్టులు కూడా వేసి, టీ-ఫైబర్ పేరుతో పల్లెలకు ఇంటర్నెట్ చేర్చాలని తెలంగాణ ప్రభుత్వం తలపెట్టింది. ఒకే తవ్వకంతో రెండు పనులు, నిజంగా మంచి ఆలోచన. కానీ డక్టు వేయగలిగిన వాళ్లందరికీ అందులోని గాజుపోగును అతికించడం రాదు.

ఇలాంటి పనుల్లో కొన్నవాళ్లకూ వెండర్‌కూ పేచీ మొదలయ్యేది ఇక్కడే. టెండర్ సమయంలో హైదరాబాద్‌లో మాట్లాడిన ఇంజినీర్ వేరు, ఊరి చివర జాయింట్ బాక్స్ ముందు కూర్చున్న కుర్రాడు వేరు. మధ్యలో సబ్ కాంట్రాక్టర్, ఆయన కింద ఇంకొకరు. ఆ కుర్రాడు పవర్ మీటర్ పెట్టి ‘లైట్ వస్తుంది సార్’ అంటాడు. అది అబద్ధం కాదు. ఎంత వస్తోంది, ఎంత రావాలి అన్నదే తేలాలి.

లెక్క పెద్ద కష్టం కాదు. పల్లెల్లో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో, బీ ప్లస్ తరగతి పరికరాలకు 28 డెసిబెల్స్ వరకు నష్టం తట్టుకునే శక్తి ఉంటుంది. ఒక పోగును 32 కనెక్షన్లకు పంచే స్ప్లిటర్ ఒక్కటే సుమారు 17 తినేస్తుంది. 20 కిలోమీటర్ల పోగుకు మరో 7. మిగిలింది 4. జాయింట్లు, కనెక్టర్లు, రేపు తెగితే వేసే కొత్త అతుకులు అన్నీ ఆ నాలుగులోనే సర్దుకోవాలి. బాగా వేసిన అతుకు 0.1 కూడా దాటదు. అరిగిపోయిన బ్లేడుతో కోసి వేస్తే దానికి ఎన్నో రెట్లు పోతుంది. ఆకుపచ్చ కనెక్టర్ కొన ఏటవాలుగా, నీలం కనెక్టర్ కొన తిన్నగా ఉంటాయి. ఒకదానికొకటి తగిలించినా లైట్ వస్తుంది, కానీ చాలా నష్టపోతుంది, కొంత వెనక్కి కొడుతుంది.

వెండర్‌కు ఎంత తెలుసో చెప్పే పరికరం ఓటీడీఆర్. పోగు వెంట ఎక్కడ ఎంత వెలుతురు పోతోందో గ్రాఫ్‌గా చూపిస్తుంది. కొన్నిసార్లు దాని గ్రాఫ్‌లో అతుకు దగ్గర వెలుతురు పెరిగినట్టు కనిపిస్తుంది. గాజు వెలుతురును పెంచదు. రెండు రకాల పోగులు కలిసిన చోట వెనక్కి చెదిరే కాంతి తేడా వల్ల అలా కనిపిస్తుంది. అందుకే కామారెడ్డి వైపు నుంచి ఒకసారి, ఎల్లారెడ్డి వైపు నుంచి ఒకసారి కొలిచి సగటు తీయాలి. ఒకవైపు గ్రాఫే తెచ్చి ‘అతుకు అద్భుతంగా ఉంది’ అనే వెండర్‌తో వాదన పెట్టుకోనక్కర్లేదు. రెండో వైపు నుంచి కొలిచి చూపమని అడిగితే చాలు.

అతుకుల తర్వాత చూడాల్సింది కేబుల్ వెళ్లే దారి. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా రాజంపేట మండలంలో ఒక్కరోజే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. జిల్లాలో రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి డేటా రావాలనే 2023లో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ అనే పల్లె ఇంటర్నెట్ పథకంలో రింగ్ పద్ధతి పెట్టారు. అయితే కాగితం మీద రింగ్ గీసి, రెండు దారులనూ ఒకే కల్వర్టు మీదుగా తీసుకెళ్తే అలాంటి వరదకు రెండూ పోతాయి. కాబట్టి గీసిన మ్యాపు చాలదు, దారి వెంట నడిచి చూడాలి.

తప్పంతా ఆ కుర్రాడి మీద వేయడం అన్యాయం. కొత్త బ్లేడు, రెండు రోజుల శిక్షణ ఇవ్వాల్సింది పైవాళ్లు. బిల్లు కిలోమీటర్ల లెక్కన ఇస్తే వెండర్ తవ్వకం మీదే మనసు పెడతాడు. రెండు వైపుల కొలతలు, జాయింట్ల రిజిస్టర్ చేతికి వచ్చేదాకా చివరి వాయిదా ఆపితే అతుకు వేయడం తెలిసిన మనిషిని అతనే వెతికి తెస్తాడు. అయితే ఆ కొలతలు చదవడం వచ్చిన ఉద్యోగి ఒక్కరైనా ఆఫీసులో ఉండాలి. ఆ ఉద్యోగిని తయారు చేసుకునే ఖర్చు టెండర్ వేసేనాడే లెక్కలో రాసుకోవాలి.