ఓపికా, నీ చేతులకు దండం

ఓపికా, నిన్ను తలుచుకుంటే నాకు చేతులు కనిపిస్తాయి. ఉలి పట్టి కాయలు కాసిన చేతులు, తంబాకు వాసన వదలని చేతులు, వేళ్లు లోపలికి ముడుచుకుపోయినా నీళ్ల చెంబు అందించే చేతులు. నీకంటూ ఎవరూ గుడి కట్టలేదు. కట్టి ఉంటే అది డిచ్‌పల్లిలోనే ఉండాలి. నిజామాబాదు నుంచి హైదరాబాదు పోయే బస్సులు కాసేపు ఆగి కదిలిపోయే ఈ ఊళ్లో నువ్వు తరాలుగా కాపురం చేస్తున్నావు.

ముందు గుట్టెక్కి మొక్కుతాను. అక్కడి రామాలయం కాకతీయుల కాలపు పనితనమని చెబుతారు. శిల్పాల అందం చూసి ఇందూరు ఖజురాహో అని మురిపెంగా పిలుచుకుంటారు. ఇందూరంటే నిజామాబాదు పాతపేరు. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే ముక్కు రాలిపోయే చోట, రాతిలో పెదవి వంపు తీసినవాడి పేరు మనదాకా రాలేదు. కట్టడం చివరిదాకా పూర్తికాలేదని పెద్దలంటారు. పూర్తయ్యేనాటికి తానుంటాడో ఉండడో అన్న చింత లేకుండా పొద్దున్నే వచ్చి రాయి ముందు కూర్చున్నాడే, ఆ మనిషి చేతిలో నువ్వున్నావు. ఆ గోడ మీద దేవుళ్లకన్నా ముందు నాకు అతనే కనిపిస్తాడు.

గుట్ట దిగి దవాఖాన దారి పడతాను. నా మనసంతా అక్కడే ఉంది.

కుష్ఠు అనడానికి నోరు రాక మన ఊళ్లల్లో పెద్దరోగం అనేవాళ్లు. అది వచ్చిన మనిషికి ముందు కంచం వేరయ్యేది, తర్వాత పడక, ఆ తర్వాత ఊరే వేరయ్యేది. కన్నబిడ్డ కూడా దూరం నుంచే పిలిచేది. రోగం తినేది వేళ్లనే. మనుషులు తినేసేది మిగతా అంతటినీ. స్కాట్లాండు నుంచి 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి మనదేశం వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ నిజామాబాదులో వైద్యం చేస్తుంటే, అలా వెళ్లగొట్టబడినవాళ్లే ఆమె వాకిట్లో నిలబడ్డారు. వాళ్లను ఉంచడానికి చోటు లేదు. చోటు కట్టాలంటే సొమ్ము కావాలి. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇచ్చాడు. 1915 నాటికి డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం ఒక ఆశ్రయం నిలిచింది. క్రైస్తవురాలి వైద్యం, హిందువు ధనం, ముస్లిం ప్రభువు ఏలుబడిలోని నేల. మన సంస్కృతి ఏదని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ వాకిలిని చూపిస్తాను.

ఓపికా, నీకు సాటివచ్చే శత్రువు ఎవరో తెలుసా? ఆ రోగపు క్రిమే. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో దాన్ని కనిపెట్టాడు. మామూలు సూక్ష్మజీవులు అరగంటకో గంటకో రెండింతలైతే, ఇది రెండుగా చీలడానికి దాదాపు రెండు వారాలు తీసుకుంటుంది. ఒంట్లో చేరాక బయటపడడానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు. అంత నిదానంగా నరాల వెంట నడిచే దానితో తలపడడానికి అంతకన్నా నిదానమైన మనుషులు కావాలి. డిచ్‌పల్లిలో అలాంటివాళ్లు దొరికారు.

ఆ రోజుల్లో ఉన్న మందు నీరడి జాతి గింజల నూనె. చాల్‌మోగ్రా నూనె అంటే వైద్యులకు తెలుస్తుంది. తాగితే కడుపులో తిప్పుతుంది, అందుకని సూదితో ఎక్కించేవాళ్లు. చిక్కటి నూనె చర్మం కిందికి దిగుతుంటే పుట్టే నొప్పిని తలుచుకోండి. వారం గడిస్తే మళ్లీ సూది. నెలలు కాదు, ఏళ్లు. కొందరికి నయమయ్యేది, కొందరికి కాదు. అయినా వరసలో నిలబడి చెయ్యి చాపినవాళ్లున్నారు. ఆ చెయ్యి పట్టుకుని, మచ్చ మీద వేలు పెట్టి, సూది దించినవాళ్లున్నారు. ఇసబెల్ 1932లో కన్నుమూసింది. రోగాన్ని నిజంగా లొంగదీసే డాప్సోన్ 1940లలో గానీ రాలేదు. అరకొర మందుతోనే ఆమె అన్నేళ్లు పనిచేసింది. ఆ వరసలో ఉన్నవాళ్లకు అన్నిటికన్నా ముందు అందిన మందు మాత్రం అరకొరది కాదని నా నమ్మకం. ఇంటివాళ్లు ముట్టడం మానేసిన ఒంటిని ఒక మనిషి వచ్చి ముట్టుకోవడం, అదీ భయం లేకుండా, వారం వారం.

నొప్పి తెలియకపోతే హాయి కదా అనిపిస్తుంది. అది హాయి కాదని ఈ రోగం చేసినవాళ్లను అడిగితే చెబుతారు. నరం చచ్చిన వేలికి పొయ్యి మీది గిన్నె కాలుతున్నట్టు తెలియదు. అరికాల్లో ముల్లు దిగినా రోజంతా నడుస్తూనే ఉంటారు, పుండు ఎముకదాకా పోయాక గానీ చూసుకోరు. అందుకే మందుతో క్రిములు చచ్చినా పని మిగిలే ఉంటుంది. సాయంత్రం కాగానే నీళ్ల తొట్టిలో కాళ్లు నానబెట్టుకోవాలి. గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దాలి. తడి ఆరకముందే నూనె రాయాలి. వేళ్ల సందుల్లో, మడమ మీద, అరికాలి మధ్యలో కొత్త ఎరుపు ఏమైనా ఉందేమో వెలుతురులో చూసుకోవాలి. కళ్లు ఆననివాళ్లకు ఇంకొకరు చూసిపెట్టాలి. పొద్దున్నే మెత్తటి రబ్బరు అట్ట వేసిన చెప్పులు తొడుక్కోవాలి. ఇది ఒక రోజు చేసి వదిలేసేది కాదు, బతికినన్నాళ్లూ చెయ్యాలి. ఓపికా, పట్టుబట్టలు కట్టి చేసే ఏ పూజకన్నా ఆ సాయంకాలపు నీళ్ల తొట్టి దగ్గర నువ్వు నిండుగా ఉంటావు. భార్య అరికాలిని ఒళ్లో పెట్టుకుని దీపం దగ్గరికి జరిపే ముసలి భర్త నీ పూజారి.

ఇక్కడ నిన్ను ఒక సంగతి నిలదీయాలి. నీ పేరు చెప్పి బలహీనులను మోసం చేసేవాళ్లున్నారు. బోధన్ శక్కర్‌నగర్‌కు పో. 1930లలో నిజాం కాలంలో మొదలై, ఆసియాలోకెల్లా పెద్దదని పేరుమోసిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తాతల కాలం నుంచి చెరుకు బండ్లు బారులు తీరిన ఊరు. మళ్లీ తెరుస్తారు, కొంచెం ఓపిక పట్టండి అన్న మాట ఆ కార్మికులూ చెరుకు రైతులూ ఎన్ని ఎలక్షన్లలో విన్నారో. చెప్పేవాడికి ఏ ఖర్చూ లేని ఓపికను, వినేవాడి కంచంలో అన్నంతో కొనిపించే ఓపికను నేను కీర్తించను. అది నువ్వు కాదు. పెద్దరోగం వచ్చినవాళ్లను కూడా అలాగే కూర్చోబెట్టారు. బ్రిటిష్ ఇండియాలో వాళ్లను పట్టి నిర్బంధించడానికి 1898లో చేసిన చట్టం రద్దయింది 2016లో. భార్యకో భర్తకో కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు పుచ్చుకునే వీలును పార్లమెంటు తీసేసింది 2019లో. రోగాన్ని పూర్తిగా నయం చేసే మందుల కలయిక వచ్చి అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటింది. క్రిమికన్నా నిదానంగా నడిచింది చట్టం. దాన్ని ఓపిక అంటే నీకు అవమానం.

నువ్వుండే చోటు చూపిస్తాను, రా. ఈ చుట్టుపక్కల ఏ వాడకట్టుకైనా మధ్యాహ్నం పూట పో. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు, ఒళ్లో చాటలు. తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. వెయ్యంటే వెయ్యిసార్లు అవే వేళ్లు అదే వంపు తిరగాలి. మెడలు పట్టేస్తాయి, తంబాకు పొడికి దగ్గొస్తుంది. ఈ పనిని అందంగా చూపించి దానిలోని కష్టాన్ని కప్పెయ్యను. ఆ కూలి పెరగాలి, ఆ దగ్గు తగ్గాలి. కానీ ఆ అరుగు మీద ఇంకొకటి కూడా జరుగుతుంది. ఒకామె బిడ్డ పురిటికి వచ్చింది, ఇంకొకామె కొడుకు గల్ఫుకు పోయి ఫోను చెయ్యడం లేదు. చేతులు ఆగకుండానే మాట నడుస్తుంది. గల్ఫు కొడుకు తల్లి మాట మధ్యలో ఆగిపోతుంది. పక్కనామె ఏమీ అడగదు. తన చాటలో చుట్టిన బీడీలు గుప్పెడు తీసి ఆమె చాటలో వేస్తుంది, ఈ పూటకు ఆమె లెక్క తక్కువ పడకుండా. ఓపికా, నీకు ఇంతకన్నా చేరువగా నేనెప్పుడూ రాలేదు.

పసుపు పండించే రైతునూ తలుచుకోవాలి. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో, ఆపైన ఉడకబెట్టి ఎండబెట్టే రోజులు, ఒక్క వాన పడితే కల్లంలో గుండె దడ. నిజామాబాదు యార్డులో ధర పలికేదాకా ఆ రైతు గోళ్ల సందుల్లో పసుపు పోదు.

మళ్లీ దవాఖాన దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఆ పని అయిపోలేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడమన్నాక రోగం వేగంగా తగ్గింది. 2005 చివరికల్లా, పదివేల మందిలో ఒకరికన్నా తక్కువే అన్న లెక్కతో, ప్రజారోగ్య సమస్యగా దాన్ని తొలగించామని దేశం చెప్పుకుంది. అయినా ఏటా ప్రపంచంలో కొత్తగా బయటపడేవాళ్లలో సగానికి పైగా ఇప్పటికీ మనవాళ్లే. మందు ఉచితం. రోగం తీరును బట్టి ఆరు నెలలు, లేదా పన్నెండు నెలలు. ఒక గోలీ ఒంటి రంగును నల్లబరుస్తుంది, ఆపాక కొన్ని నెలలకు రంగు తిరిగొస్తుంది. ఆ నలుపు చూసి ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నలకు జడిసి మధ్యలో మానేసేవాళ్లున్నారు. అందుకే గోలీతో పాటు ఒక మనిషి కూడా ఇంటికి రావాలి.

ఆ మనిషి చాలాసార్లు ఆశా కార్యకర్త. ఎండలో గడప గడపకూ తిరుగుతూ, స్పర్శ లేని మచ్చలున్నాయేమో అని అడుగుతుంది. ఒక పెద్దమ్మ మోచేతి మీద రాగి రంగు మచ్చ చూసి పక్కన కూర్చుంటుంది.

"కండ్లు మూస్కో పెద్దమ్మా. నేను ముట్టిన కాడ ఏలు పెట్టు."

పెన్ను మొన మెల్లగా తగులుతుంది.

"ఈడ."

"ఇగో, ఇంకోపారి."

"ఈడ, బిడ్డా."

మూడోసారి మొన మచ్చ మధ్యలో ఆనుతుంది. పెద్దమ్మ కళ్లు మూసుకునే ఉంది, వేలు గాలిలో అట్లాగే ఉంది.

"ముట్టినవా? ఇంక ముట్టలేదా?"

ఆమె పెన్ను పక్కన పెట్టి, పెద్దమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుంటుంది.

"ఊరంత తెలుస్తదేమో బిడ్డా."

"తెల్వనియ్యే. గోలీలు ఏసుకుంటే పోతది. రేపు పదింటికి నేనే వస్త, ఇద్దరం ఆటోల దవాఖానకు పోదాం. అన్నం తిని తయారుండు."