భరిణె లోపలి పనితనం

ఏటికొప్పాక కుంకుమ భరిణె చేతికి రాగానే అందరూ ముందు రంగు చూస్తారు. ఆ రంగుకి పేరు రావడం న్యాయమే. కానీ పనివాడి చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే మూత తీసి లోపల చూడాలి.

మా తాడేపల్లిగూడెం నుంచి విశాఖ వైపు వెళ్లే దారిలో తుని దాటాక నర్సీపట్నం రోడ్డు స్టేషను వస్తుంది. దానికి దగ్గర్లోనే, వరాహ నది ఒడ్డున ఉంది ఏటికొప్పాక. అక్కడ వాడేది అంకుడు కర్ర. తెల్లగా ఉంటుంది, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. బాగా ఆరాకే దాన్ని లేత్ ఎక్కించాలి. పచ్చి కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా తగ్గదు. వలయాల వెంబడి తగ్గేది, నడుమ నుంచి బెరడు వైపు తగ్గేదానికి దాదాపు రెట్టింపు. తొందరపడి తిప్పిన భరిణె కొన్నాళ్లకి కోలగా మారుతుంది, మూత ఇక పట్టదు.

బయటి వంపు కంటితో చూస్తూ తీర్చే పని. లోపల తొలిచేటప్పుడు కన్ను పెద్దగా సాయపడదు. ముక్క ఒక కొస లేత్ పట్టులో బిగిసి ఉంటుంది, రెండో కొసలోంచి ఉలి లోపలికి పోతుంది. లోతుకి వెళ్లేకొద్దీ ఆనికకి దూరమై ఉలి అదురుతుంది. రేగే పొట్టులో మొన ఎక్కడుందో కనపడదు. గోడ పలచబడుతుంటే చప్పుడు మారుతుంది, పిడి పట్టిన చేతికి ఆ తేడా తెలుస్తుంది. వెంట్రుకవాసి ఎక్కువ నొక్కితే అడుగు చిల్లి పడుతుంది, అంతవరకూ పడ్డ శ్రమంతా వృథా. మంచి భరిణె లోపల వేలు తిప్పి చూడండి, ఎక్కడా మెట్టు తగలదు. మూత బిగుతుగా కూర్చుంటుంది, అయినా రెండు వేళ్లతో ఊడివస్తుంది. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఆ మూతే.

లక్క పూత చూడటానికి సులువుగా ఉంటుంది. రంగు కలిపిన లక్కని తిరుగుతున్న కర్రకి అదిమితే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. పసుపు కొమ్ము, నీలిమొక్క, జాఫ్రా గింజల రంగులు రసాయనాల ధాటికి వెనకబడితే, వాటిని మళ్లీ నిలబెట్టడానికి పూనుకున్నవారు ఆ ఊరి సి.వి. రాజు గారు. ఏటికొప్పాక లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చాయి.

ఏటికొప్పాకది ఒకే కర్ర ముక్కలోంచి తీసే పని. పలకలు జిగురుతో అతికించి తిప్పేది ఇంకో దారి. అమెరికాలో రూడ్ ఓసోల్నిక్ అనే లేత్ పనివాడు ప్లైవుడ్ పొరలతో గిన్నెలు తిప్పారు. పొరల పాత్రలో ఒక అందం ఉంది: గోడ నిలువుగా ఉన్నచోట పొర దాని మందం మేరకే సన్నటి గీతగా కనపడుతుంది, అడుగు వైపు వాలేకొద్దీ అదే వెడల్పాటి పట్టీ అవుతుంది. వంపు ఏమాత్రం తేడా వచ్చినా చార పట్టిచ్చేస్తుంది. మందం పలకలైతే పోగు అన్నిట్లో ఒకే వైపు ఉండాలి. అడ్డదిడ్డంగా పేరిస్తే కొల్లేటి చుట్టుపక్కల తేమకి ఒక్కోటి ఒక్కో వైపు ఉబ్బి అతుకు విడిపోతుంది. టేకు, పనస చెక్కలు పక్కపక్కన పడితే ఆ చారలు ఎంత బాగుంటాయో! తాడేపల్లిగూడెం, ఏలూరు వడ్రంగులు మిగులు ముక్కలతో ఈ పని చేసి చూడాలని నా కోరిక.

ఈసారి లక్క భరిణె కొనేటప్పుడు ముందు మూత తీయండి. లోపల నునుపుగా ఉంటే, చెప్పిన ధర ఇచ్చి తీసుకోండి.