పూతరేకుల కుండ, జపాను గిన్నె

ఆత్రేయపురం వెళ్ళినవాళ్ళ కళ్ళు పూతరేకు మీదే ఉంటాయి. నేనైతే ముందు కుండ చూస్తాను. బోర్లించిన మట్టికుండ, మంట పెట్టడానికి పక్కన చేసిన కంత, అందులోకి ఒక్కొక్కటే తోసే ఎండు కొబ్బరాకులు. పైకి తేలిన కుండ అడుగు నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతుంటుంది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి ఆ అడుగు మీదుగా ఒక్క లాగు లాగుతుంది ఆవిడ. చుయ్‌మన్న చప్పుడు ఆగేలోపే పొర ఆరి అంచు లేస్తుంది. రెండు చేతులా ఒడుపుగా ఒలిచి పక్కన పెడుతుంది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ చుయ్. కింద మంట, పైన తడి. పొద్దస్తమానూ ఇదే వరస. ఇంట్లో ఉన్న పింగాణీ బేసిన్‌ని ఈ కొలువులో పెడితే మొదటి గుడ్డకే నిలువునా చీలుతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నెయ్యి గురించీ బెల్లం గురించీ చాలామంది రాశారు గానీ, కుండ ఊసెత్తినవాళ్ళు నాకు కనబడలేదు.

కుండ సంగతి ఎందుకెత్తానంటే, కొన్నేళ్ళుగా నాకు రాకు పాత్రల పిచ్చి పట్టుకుంది. అది జపానువాళ్ళ పద్ధతి. కొలిమిలో పాత్ర ఎర్రగా మండుతుండగానే పట్టకారుతో బయటికి లాగెయ్యడం దాని ప్రత్యేకత. మన కుమ్మరి ఆవం దీనికి పూర్తిగా ఎదురు. కుండలు పేర్చి, పిడకలూ గడ్డీ ఊకా కప్పి, పైన మట్టి మెత్తి నిప్పు పెట్టాక ఆవం తనంతట తాను కాలాలి, తనంతట తాను చల్లారాలి. ఆత్రంకొద్దీ విప్పితే కష్టమంతా పెంకులపాలు. రాకులో ఆత్రమే పద్ధతి.

దీని పుట్టిల్లు క్యోటో. పదహారో శతాబ్దం చివర్లో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు అభిరుచికి తగ్గట్టు చోజిరో అనే పనివాడు గిన్నెలు చేశాడు. సారె మీద తిప్పకుండా చేత్తో ఒత్తి, చాకుతో చెక్కినవి. నల్ల గిన్నెలకి ఆ ఊళ్ళోని కామో నది రాళ్ళు నూరి పూత వేసేవారు. పట్టకారు కరిచిన గుర్తు గిన్నె ఒంటి మీద ఉండిపోతుంది, దాన్ని ఎవరూ చెరపరు. ఆ వంశం ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఆ పనే చేస్తోంది. 2019లో పదహారో తరం బాధ్యత తీసుకుంది.

ఇప్పుడు వర్క్‌షాపుల్లో రాకు పేరుతో కనిపించే పొగ, రంపపు పొట్టు, ఇంద్రధనుస్సు మెరుపులు మాత్రం క్యోటోవి కావు. బెర్నార్డ్ లీచ్ అనే ఇంగ్లీషాయన 1911లో టోక్యోలో ఒక విందుకి వెళ్ళి, తాను బొమ్మ వేసిన పాత్ర కళ్ళముందే కాలి చేతికి రావడం చూసి ఆ పనిలోనే పడిపోయాడు. 1940లో ఆయన రాసిన పుస్తకం చదివి, 1960లో కాలిఫోర్నియాలో పాల్ సోల్డ్‌నర్ అనే ఆయన సొంతంగా రాకు మొదలుపెట్టాడు. వేడి పాత్రని రాలిన ఆకుల్లో దొర్లించాడు. ఆకులు అంటుకున్నాయి, పొగ పట్టింది, మట్టి నల్లబడింది. పొగ కథ అక్కడ మొదలు. క్యోటోది తాగే గిన్నె, కాలిఫోర్నియాది చూసే గిన్నె. ఈ తేడా తెలియకే సగం తంటాలు వస్తున్నాయి. పొగతో మట్టిని నల్లబరచడం మనకేమీ కొత్త కాదనుకోండి. తెలుగునేల మీద రాక్షసగుళ్ళని పిలిచే పాత సమాధుల్లో పైన నలుపూ కింద ఎరుపూ ఉన్న కుండలు ఎన్నో దొరికాయి.

ఎర్రగా కాలిన గిన్నెని చల్లగాలిలోకి లాగితే ఎందుకు పగలదు? పూతరేకుల కుండ తడిగుడ్డకి ఎందుకు చీలదు? రెండింటికీ జవాబు ఒకటే: మట్టిలో సందులు. గోదావరి ఒండ్రు వెన్నలా మెత్తనిది, చేతికి హాయిగా ఉంటుంది. ఒట్టి ఒండ్రుతో చేసిన గిన్నె మాత్రం నిప్పు దెబ్బకి ఆగదు. అందుకే కుమ్మర్లు ఇసుక, బూడిద కలుపుతారు. రాకుకైతే కాల్చిన మట్టిని దంచి జల్లించిన రవ్వ బాగా దట్టించాలి. నేను పాత కుండపెంకులు దంచి వాడతాను. మంట వెయ్యి డిగ్రీల లోపే ఉంటుంది కాబట్టి మట్టి పూర్తిగా కరిగి గాజులా బిగుసుకోదు. రవ్వకీ రవ్వకీ మధ్య సందులుంటాయి. బీట మొదలైనా ఏదో ఒక సందు దగ్గరికొచ్చి ఆగిపోతుంది. దీనికి తోడు, మట్టిలోని క్వార్ట్‌జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా సైజు మారుతుంది. పట్టకారు పట్టినవాడు ఆ గండాన్ని నెమ్మదిగా కాదు, ఒక్క ఊపులో దాటిస్తాడు. ఆ కుదుపుని మింగేవి ఆ సందులే.

నిప్పు దగ్గర కాపాడిన ఆ సందులే తిండి దగ్గర శత్రువులు. రాకు గిన్నె పైపూత గాజులా మెరుస్తుంది గానీ, అకస్మాత్తుగా చల్లారినందువల్ల ఒళ్ళంతా సన్నటి పగుళ్ళు. అందం ఆ పగుళ్ళదే. పొగ వాటిలోకి దూరి నల్లటి గీతల వల అల్లుతుంది. పొగ దూరిన దారిలో పులుసు దూరదా? పెరుగు దూరదా? లోపలికి వెళ్ళింది ఎంత కడిగినా రాదు, అక్కడే పులిసి బూజు పడుతుంది. మెరుపు కోసం పూతలో రాగి లవణాలు కలుపుతారు. తక్కువ వేడికే కరగాలని పాతరోజుల్లో సీసం కూడా వాడేవారు. చింతపండుకీ నిమ్మరసానికీ వెనిగర్‌కీ ఇలాంటి కాలీ కాలని పూతల్లోంచి లోహాన్ని లాగే గుణం ఉంది. గోదావరి జిల్లాల్లో పులుపు పడని కూర ఏది చెప్పండి?

ఇక్కడ చాలామంది నన్ను పట్టుకుంటారు. మరి పులస పులుసు మట్టిచట్టిలోనేగా పెడతాం, అదీ సందుల మట్టేగా అని. నిజమే. ఆ చట్టికి పూత లేదు కాబట్టి పూతలోంచి ఊడిపడే లోహమూ లేదు. కొన్న చట్టిని నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి, నూనె పట్టించి వాడకంలోకి తెస్తారు. సబ్బు ముట్టించరు, కొబ్బరి పీచూ బూడిదతో తోమి ఎండలో బోర్లిస్తారు. వాడిన ప్రతిసారీ పొయ్యెక్కి మరుగుతుంది. రాకు గిన్నెకి ఈ యోగం లేదు, దాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టలేం. మైక్రోవేవ్ అసలే వద్దు. సందుల్లో ఇరుక్కున్న తేమ లోపలే ఆవిరై పాత్రని పగలగొడుతుంది.

రెండో కొసన ఆవకాయ జాడీ ఉంది. అది పన్నెండొందల డిగ్రీల పైన కాలిన స్టోన్‌వేర్. మట్టి కరిగి బిగుసుకుపోయి, వేలితో కొడితే ఖంగున మోగుతుంది. ఏడాది పొడుగునా ఉప్పూ కారం పులుపూ కూచున్నా మంచి జాడీ పీల్చదు, ఏమీ వదలదు. కానీ దాన్ని పొయ్యెక్కిస్తే అయిపోయినట్టే. యానాం ఏ పుదుచ్చేరి కిందికి వస్తుందో, ఆ పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పేరు తెచ్చుకున్నది ఈ జాతి పాత్రలతోనే. అన్నం తినడానికి చేతిపని పళ్ళెం కావాలని నన్నెవరైనా అడిగితే స్టోన్‌వేర్ కొనుక్కోమంటాను. నా రాకు గిన్నెలు ఇవ్వను.

ఇక కాల్చడం. మా పెరట్లో నాది చిన్న గ్యాస్ కొలిమి. ఇనుప జల్లెడ డబ్బాకి లోపల సిరామిక్ ఫైబర్ దుప్పటి చుట్టినది. ఆ దుప్పటి కోసేటప్పుడు లేచే నూగు ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. మాస్కు అంటే ముక్కుకి కట్టే జేబురుమాలు కాదు, సన్నటి ధూళిని ఆపే ఎన్95 లాంటిది. పూత పొడులు కలిపేటప్పుడూ అంతే. ఒలికిన పొడిని చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. వంటింటి గరిటెలూ గిన్నెలూ ఆ పొడుల దరిదాపుల్లోకి రాకూడదు. ఒకసారి వచ్చినవి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు.

పాత్ర ఎముక దాకా ఆరాలి. శ్రావణమాసపు చెమ్మలో పైకి ఆరినట్టే ఉంటుంది, చెంపకి ఆనించి చూస్తే చల్లగా తగులుతుంది. చల్లగా ఉందంటే లోపల నీరుందన్నమాట. ఆ నీరు కొలిమిలో ఆవిరైతే గిన్నె టపాకాయలా పేలుతుంది. మొదటి కాల్పు నిదానంగా, రెండోది పూత వేశాక. పూత కరిగి తడి అద్దంలా మెరిసినప్పుడు గ్యాస్ కట్టేసి, మూత తీసి, పట్టకారు పెట్టాలి. ఒంటి మీద నిండుచేతుల నూలు చొక్కా, తోలు చేతితొడుగులు, ముఖానికి కవచం, కాళ్ళకి బూట్లు. హవాయి చెప్పులతోనో పాలిస్టర్ చీరతోనో వచ్చినవాళ్ళని నేను కొలిమి పక్కకి రానివ్వను, నలుగురి ముందూ మొహమాటపడను కూడా.

గిన్నెని ఇనుప డ్రమ్ములో పొట్టు మీద పెట్టి మూత వేస్తాం. రంపపు పొట్టు ఊళ్ళో సామిల్లుల్లో దొరుకుతుంది, ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు కాలి వచ్చే పొగ విషం. మనకి ఊకకి కరువు లేదు. పొట్టంత భగ్గున మండదు గానీ మెల్లగా రాజుకుని గిన్నెకి బూడిదరంగు మచ్చలు పెడుతుంది, అవి నాకిష్టం. అసలు ప్రమాదం మూత ఎత్తేటప్పుడు. లోపల గాలి అందక ఆగిన మంట, మూత సందిస్తే చాలు మొహం మీదికి లేస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది, వాసన రాదు. అందుకే రేకులషెడ్డులో కాదు, ఆరుబయటే, గాలి వాలు చూసుకుని. సంక్రాంతి రోజుల్లో ఊరంతా గడ్డివాములూ తాటాకు పాకలూ. ఆ నెల నేను కొలిమి వెలిగించను. పక్కన నీళ్ళ బకెట్టు, ఇసుక బకెట్టు ఎప్పుడూ ఉంటాయి. చూడ్డానికి వచ్చే పిల్లలకి ఒక తాడు కట్టి గీత పెడతాను. దాటితే కాల్చడం ఆపేస్తానని వాళ్ళకి తెలుసు.

క్యోటో వరస తాగే గిన్నె మీ చేతికి వచ్చిందనుకోండి, దాని మర్యాద వేరు. వాడేముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెడతారు. సందులు ముందే నీటితో నిండితే తేనీరు లోపలికి పోదు, మరక పడదు. తాగాక ఒట్టి నీళ్ళతో కడిగి, సబ్బు లేకుండా, నీడలో రోజుల తరబడి ఆరబెడతారు. మన గాలిలో ఆ రోజులు ఇంకా ఎక్కువ వేసుకోవాలి. తడి మిగిలిన గిన్నెని పెట్టెలో పెట్టి మూస్తే వాన వెలిసేసరికి బూజు. పొగ రాకు పాత్రలైతే నీళ్ళు పోసి పూలు పెట్టకండి, కింద బల్ల తడుస్తుంది. పెట్టాలనుకుంటే లోపల గాజు గ్లాసు దింపండి. రాగి మెరుపు ఎండకీ గాలికీ ఏళ్ళు గడిచేకొద్దీ మసకబారుతుంది. కిటికీ పక్కన కాకుండా లోపలి గూట్లో పెట్టుకుంటే ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది.

ఈమధ్య ఒక ఎగ్జిబిషన్‌లో తళతళలాడే రాగిరంగు గిన్నె చూపించి, ఇందులో పచ్చడి వేసుకోవచ్చండీ, ఏం కాదండీ అన్నాడు అమ్మే కుర్రాడు. పొగ వాసన ఇంకా పోలేదు దానికి. ఏ డిగ్రీల దగ్గర కాల్చారని అడిగితే నవ్వాడు. తప్పు అతనిది కాదు, అతనికెవరూ చెప్పలేదు. చేసినవాళ్ళు అడుగున రాసి ఉంచాల్సింది. నా గిన్నెల అడుగున కాల్చకముందే పుల్లతో "తినడానికి కాదు" అని గీస్తాను, అది కాల్పులో చెరగదు. పూత వేసిన పాత్ర మీద అనుమానముంటే ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. నిమ్మచెక్క పూత మీద బోర్లించి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున చెక్క తీసినచోట రంగు వెలిసినా, మెరుపు తగ్గినా ఆ పాత్రలో తినకండి. ఏమీ మారకపోతే మంచిదని మాత్రం అనుకోకండి. సీసం ఊడి వచ్చినా కంటికి కనబడకపోవచ్చు, అది ల్యాబ్‌లో తేలాల్సిందే.