గజదొంగ, ఆర్చ్ రోగ్

మనం గజదొంగ అంటే అది ఒక మనిషి చేసిన పనికి పెట్టిన పేరు. పాత ఇంగ్లీషులో అదే అర్థానికి ఆర్చ్ రోగ్ అనేవారు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్‌లో అచ్చువేసిన వీధిభాష నిఘంటువు ఈ మాటకు దొంగల ముఠాకో, జిప్సీల ముఠాకో నాయకుడని అర్థం చెప్పింది. దొంగ అనేది చేసే పనిని బట్టి. జిప్సీ అనేది పుట్టుకను బట్టి. నిఘంటువు ఇద్దరినీ ఒకే గాటన కట్టేసింది. సంచారజాతి పెద్ద ఏ నేరం చేయకుండానే దొంగల నాయకుడయ్యాడు.

ఆ చూపే మన దేశంలో 1871లో నేరస్థ జాతుల చట్టమైంది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టింది. 1952లో చట్టం రద్దయింది. చూపు మారలేదు. 1991లో వచ్చిన సినిమా పేరే ‘స్టువర్టుపురం దొంగలు’. 2023 నాటి ‘టైగర్ నాగేశ్వరరావు’ దొంగను హీరోని చేసింది. కానీ గజదొంగను ఎంత పొగిడినా ఊరిమీద పడ్డ ముద్ర చెరగదు.

ఇంటర్వ్యూలో మీదే ఊరని అడిగితే ఒక్క క్షణం తడబడే ఆ ఊరి కుర్రాడి కథ ఏ సినిమా తీయలేదు. అది మనమే రాయాలి.