ఈల ఊదినవాడిదే తప్పు

సాయంత్రం నాలుగింటికి వంటింట్లో కాఫీ కలుపుతుంటే హాల్లోంచి "గుడ్డి వెధవ! అమ్ముడుపోయాడు!" అని ఇల్లదిరేలా కేక వినబడింది. చేతిలో డికాక్షన్ గిన్నె వణికింది. పరుగెత్తుకెళ్లి చూద్దును గదా, మా మరిదీ మా అబ్బాయీ టీవీ ముందు లేచి నిలబడి ఉన్నారు. తిట్లు తింటున్న మనిషి ఎక్కడో ఖతార్‌లో ఉన్నాడు. అది 2022 నవంబరు 22. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్‌లో అర్జెంటీనా, సౌదీ అరేబియా ఆడుతున్నాయి. మా మరిది ఆఫీసుకు సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. అర్జెంటీనావాళ్లు బంతిని మూడుసార్లు గోల్లోకి కొడితే మూడుసార్లూ ఆఫ్‌సైడని కొట్టేశారట!

"ఆఫ్‌సైడంటే ఏమిటయ్యా?" అన్నాను.

"చెప్పినా మీకు అర్థం కాదులెండి వదినా" అన్నాడు కాఫీ అందుకుంటూ.

ఆ మాట గుచ్చుకుంది. నాకు ఫుట్‌బాల్ తెలియని మాట నిజమే. కాని విమర్శంటే తెలుసు. ఇరవై ఏళ్లుగా నవలలు రాస్తూ దాన్ని రుచి చూస్తున్నదాన్ని. ఒకళ్లు చెమటోడ్చి చేసిన పనిని మరొకళ్లు కుర్చీలో కూర్చుని మంచీ చెడూ తేల్చెయ్యడం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకని ఆటను వాళ్లకే వదిలేసి, ఆట చూసేవాళ్లు రిఫరీల మీదా లైన్స్‌మన్ల మీదా చెప్పే తీర్పుల్ని పట్టుకున్నాను. ఒక పుస్తకం చదివినట్టే చదివాను. ఇది దానిమీద నా సమీక్ష అనుకోండి.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. ఈ విమర్శకుల శ్రద్ధ సామాన్యమైంది కాదు. 2006 జూన్ 22న జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా ఆడుతున్నాయి. రిఫరీ ఇంగ్లండుకు చెందిన గ్రహం పోల్. రెండు పసుపు కార్డులు పడ్డ ఆటగాడు మైదానం వదిలి పోవాలన్నది నియమం. క్రొయేషియా ఆటగాడు షిమునిచ్‌కి రెండోది పడింది. అతను పోలేదు, పొమ్మని రిఫరీ అనలేదు. మూడోది కూడా పడ్డాక గాని ఎర్ర కార్డు బయటికి రాలేదు. ఏమిటయ్యా అంటే, షిమునిచ్ చొక్కా మీద నంబరు 3. ఆస్ట్రేలియా జట్టులోనూ ఒక 3 ఉన్నాడు. రెండో కార్డు లెక్క ఆ 3వ నంబరు పేరున రాసుకున్నారట రిఫరీగారు. మన పాలవాడు మన లెక్క పక్కింటివాళ్ల కార్డు మీద ఎక్కించినట్టు! టీవీ ముందు కూర్చున్న జనం "అదేమిటి, ఇంకా ఆడుతున్నాడేమిటి!" అంటూనే ఉన్నారు. మైదానంలో ఉన్న అధికారులకు మాత్రం తట్టలేదు.

ఆ గోల వల్ల ఒక్కొక్కప్పుడు మేలూ జరుగుతుంది. 2010 జూన్ 27న దక్షిణాఫ్రికాలో జర్మనీతో ఆడుతూ ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి పైకమ్మీకి తగిలి, గీత దాటి బాగా లోపల పడి, మళ్లీ బయటికెగిరింది. ప్రపంచమంతా చూసింది. రిఫరీ, లైన్స్‌మన్ చూడలేదు. గోలు లేదన్నారు. ఇంగ్లండు 4–1 తేడాతో ఓడిపోయింది. అప్పటిదాకా యంత్రాల మాట ఎత్తితే ఒప్పుకోని ఫీఫా అధ్యక్షుడు బ్లాటర్ క్షమాపణ చెప్పుకున్నాడు. 2012లో నియమాలు రాసేవాళ్లు సరేనన్నారు. 2014 ప్రపంచ కప్పు నాటికి బంతి గీత దాటిందో లేదో చెప్పే సాధనం వచ్చేసింది. నోరుండి అరిచినందుకు న్యాయం దొరికిన సందర్భం ఇది. కాబట్టి అభిమానుల నోరు మూయించాలని నేను అనను.

ఇక లోపాలు. మొదటిది పక్షపాతం. అదేదో రిఫరీకి ఉందంటారే, అది కాదు. చూసేవాళ్లది. 2008 జూన్ 12న వియన్నాలో ఆస్ట్రియా, పోలండ్ ఆడాయి. పోలండ్ గెలుస్తోంది. ఆఖరి క్షణాల్లో ఆస్ట్రియా ఆటగాడి చొక్కా పట్టి లాగారని రిఫరీ హవర్డ్ వెబ్ పెనాల్టీ ఇచ్చాడు. ఆట సమమైపోయింది. పోలండ్‌లో గగ్గోలు పుట్టింది. వెబ్‌ని చంపుతామని బెదిరింపులొచ్చాయి. ఆ దేశపు ప్రధానమంత్రి సైతం కోపం దాచుకోలేకపోయాడు. అంతా బాగానే ఉంది గాని, ఆరోజు పోలండ్ వేసిన ఆ ఒక్క గోలు సంగతేమిటి? అది ఆఫ్‌సైడ్. లైన్స్‌మన్ జెండా ఎత్తాల్సింది, ఎత్తలేదు. దాన్ని తలుచుకుని పోలండ్‌వాళ్లెవరూ నిద్ర పాడుచేసుకున్నట్టు లేదు.

మనకిదేమీ కొత్త కాదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఏనాడో అనుకున్నాం. దీన్నే అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు పరీక్ష చేసి చూశారు. 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య జరిగిన ఆటను ఫిల్ము తీసి రెండు కాలేజీల విద్యార్థులకూ చూపించారు. అది కోలబంతితో ఆడే అమెరికా ఫుట్‌బాల్ అనుకోండి. ఫిల్ము ఒక్కటే. అయినా డార్ట్‌మత్ ఆటగాళ్లు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ పిల్లలకి, డార్ట్‌మత్ పిల్లలకి కనబడిన వాటికన్నా రెట్టింపుకు పైగా కనబడ్డాయి. వీళ్లెవరూ అబద్ధం ఆడలేదు. నిజంగానే వాళ్లకలా కనబడింది. భయపడవలసింది అందుకే.

రెండో లోపం, పని ఎంత కష్టమో తెలుసుకోకుండా తీర్పు చెప్పడం. ఆ ఆఫ్‌సైడేమిటో నేను పట్టుబట్టి నేర్చుకున్నాను. తోటివాడు బంతిని తన్నిన ఆ క్షణంలో, ఎదటివాళ్ల సగంలో ఉన్న ఆటగాడు అటు బంతికన్నా, ఇటు ఎదటి జట్టులో చివరినించి రెండోవాడికన్నా గోలు గీతకు దగ్గరగా ఉండి ఆటలో కలగజేసుకోకూడదు. అంతే. ఇందులో ఆడవాళ్లకు అర్థంకాని బ్రహ్మవిద్యేమీ లేదు. అయితే అర్థం చేసుకోవడం వేరు, చూడడం వేరు. తన్నే కాలు ముప్ఫై నలభై గజాల అవతల ఉంటుంది. పరుగెత్తేవాడు ఇక్కడుంటాడు. లైన్స్‌మన్ రెండూ ఒక్క క్షణంలో చూడాలి, అదీ తనూ పరుగెత్తుతూ. మనింట్లో పాలు పొంగిన క్షణానికి పక్కింట్లో పోపు మాడిందో లేదో చెప్పమన్నట్టుంటుంది. పైగా లైన్స్‌మన్ సరిగ్గా ఆ వరసలో కాకుండా ఒక్క గజం అటూ ఇటూగా నిలబడినా కళ్లకు తప్పుగా కనబడి తీరుతుందని హాలండు పరిశోధకులు 2000లో 'నేచర్' పత్రికలో రాశారు. అది నిర్లక్ష్యమూ కాదు, లంచమూ కాదు. కన్ను చేసే మోసం.

1996 నించి లైన్స్‌మన్‌కు అసిస్టెంట్ రిఫరీ అని పేరు మార్చారు. అందులో 'మన్' పోయింది గాని మనుషుల మనసుల్లోంచి అంత తొందరగా పోతుందా? 2011 జనవరి 22న ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్, లివర్‌పూల్ జట్లు ఆడాయి. ఆరోజు గీత పక్కన జెండా పట్టుకున్నది షాన్ మాసీ అనే పాతికేళ్ల పిల్ల. ఆటకు ముందు టీవీ వ్యాఖ్యాతలు ఆండీ గ్రే, రిచర్డ్ కీస్, తమ మాటలు బయటికి పోవడం లేదనుకుని, ఆడదానికి ఆఫ్‌సైడేం తెలుస్తుందని ఎకసెక్కాలాడుకున్నారు. తీరా ఆటలో లివర్‌పూల్ మొదటి గోలు దగ్గర వెంట్రుకవాసి వ్యవహారం వచ్చింది. మాసీ జెండా ఎత్తలేదు. మైదానంలో సందేహపడినవాళ్లు బోలెడుమంది. మళ్లీ మళ్లీ వేసి చూస్తే ఆ అమ్మాయిదే రైటు!

ఆ మాటలు బయటికి పొక్కి, ఇంకా కొన్ని పాతవి కూడా తోడై, గ్రే ఉద్యోగం పోయింది, కీస్ రాజీనామా చేశాడు. బాగా అయిందనుకున్నాను. అయితే ఆ తర్వాతి సంగతి చదివి ఉసూరుమన్నాను. పత్రికలవాళ్ల హడావిడి ఎక్కువైందని ఆ వారంలోనే జరగాల్సిన మరో ఆటనించి మాసీని తప్పించారు. తప్పు చేసినవాళ్లు సరే, ఒప్పు చేసిన పిల్ల కూడా ఇంట్లో కూర్చోవాలన్నమాట. ఈ కథ మనలో ఎవరికి తెలియదు చెప్పండి?

మూడో లోపం నాకు బాగా దగ్గరది. ఈ విమర్శకులు ఊదిన ఈలను లెక్కపెడతారు, ఊదకుండా ఆపుకున్న ఈలను లెక్కపెట్టరు. 1986 జూన్ 22న మెక్సికోలో అర్జెంటీనా, ఇంగ్లండు ఆడినప్పుడు మారడోనా చేత్తో కొట్టిన గోలు లోకప్రసిద్ధం. ట్యునీషియా రిఫరీ అలీ బెన్నాసర్ చూడలేదు, బల్గేరియా లైన్స్‌మన్ దోచెవ్ జెండా ఎత్తలేదు. ఇద్దర్నీ జీవితాంతం వెంటాడింది ఆ ఒక్క చెయ్యి. అక్కడికి నాలుగు నిమిషాల్లో మారడోనా ఇంగ్లండువాళ్లను ఒకరి తర్వాత ఒకర్ని తప్పించుకుంటూ పోయి ఇంకో గోలు కొట్టాడు. దానికన్నా అందమైన గోలు లేదంటారు. ఆ పరుగులో వాళ్లు మారడోనాను పడగొట్టబోతుంటే తప్పిదానికి ఈల ఊదడానికి సిద్ధపడీ ఊదకుండా ఆటను సాగనిచ్చానని బెన్నాసర్ తర్వాత చెప్పాడు. ఊదివుంటే ఆ గోలే లేదు. ఆ సంయమనానికి ఎవరు చప్పట్లు కొట్టారు? నేను ఒక నవల్లోంచి నలభై పేజీలు కొట్టేస్తే, కొట్టేసినందుకు మెచ్చుకుంటూ ఇంతవరకు ఒక్క ఉత్తరం రాలేదు. మారడోనా మాత్రం 2015లో ట్యునీషియా వెళ్లి ఆ రిఫరీని కలుసుకుని కౌగలించుకున్నాడు. లాభపడ్డవాడు గనక గుర్తుంచుకున్నాడనుకోండి!

ఆటేగదా, నాలుగు తిట్లు తిట్టుకుంటే ఏం పోయిందంటారా? 1964 మే 24న పెరూలోని లీమాలో, పెరూ, అర్జెంటీనా ఆడుతుండగా ఆఖరి నిమిషాల్లో పెరూ వేసిన గోలును రిఫరీ చెల్లదన్నాడు. జనం మైదానంలోకి దూకారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. బయటికి పోయే తలుపులు మూసి ఉన్నాయి. ఆ మెట్ల మీద నలిగి, ఊపిరాడక చచ్చిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్క ప్రకారమే 328 మంది. వాళ్లను చంపింది రిఫరీ తీర్పు కాదు. మూసిన తలుపులు, ఆ వాయువు చంపాయి. కాని 'ఈలవాడు మనకు అన్యాయం చేశాడు' అన్న మాటలోంచి మొదటి నిప్పురవ్వ లేచిందన్నది మరిచిపోకూడదు.

యంత్రాలొస్తే ఈ పేచీ ఉండదనుకున్నారు. 2018 ప్రపంచ కప్పునించి తెర ముందు కూర్చుని మళ్లీ చూసి చెప్పే రిఫరీలు వచ్చారు. 2022లో స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు, బంతిలో సెకనుకు 500 సార్లు కబురు పంపే పరికరం వచ్చాయి. మా మరిది "గుడ్డి వెధవ" అన్నది వీటి సాయంతో కూర్చున్నవాళ్లనే! ఇదివరకు కనపడలేదని తిట్టేవారు. ఇప్పుడు కాలిగోరంత కూడా కనబడుతోందని తిడుతున్నారు.

డిసెంబరు 1న జర్మనీ, కోస్టారికా ఆటకు రిఫరీగా ఫ్రాన్సుకు చెందిన స్తెఫానీ ఫ్రప్పార్ వచ్చింది. మగవాళ్ల ప్రపంచ కప్పులో ఆడది ఈల పట్టుకోవడం అదే మొదలు. జెండాలు పట్టుకున్న ఇద్దరూ ఆడవాళ్లే. మనకది అర్ధరాత్రి పన్నెండున్నర. అయినా నేనూ వెళ్లి కూర్చున్నాను. ఆఖర్లో ఒక గోలుకు ఆఫ్‌సైడని జెండా లేచింది, తెర మీద చూసి గోలేనని దిద్దారు. నేను బిక్కుబిక్కుమంటూ మా మరిది వంక చూశాను.

"అది కంటికి అందేది కాదులెండి వదినా" అన్నాడు శాంతంగా.

నాకు కళ్లు చెమర్చినంత పనైంది. మనిషి మారాడనుకున్నాను. తర్వాత తెలిసింది, జర్మనీ అతని జట్టు కాదు.

వారం దాటగానే అర్జెంటీనా, హాలండుతో ఆడింది. స్పెయిన్ రిఫరీ లాహోస్ ఆరోజు చూపించినన్ని పసుపు కార్డులు ప్రపంచ కప్పు ఆటలో అంతకుముందెవరూ చూపించలేదు. తెల్లవారుజామున హాల్లోంచి వినబడిన మాటల్ని ఈ పత్రిక అచ్చు వెయ్యదు. అన్నట్టు, ఆ ఆటలో గెలిచింది అర్జెంటీనాయే!