వీపున సంచి, వెంట నేస్తాలు: ఐరోపా నగరాల్లో తెలుగువారి మజిలీ విద్య

ఆప్తమిత్రులు నలుగురు కలిసి, వీపున మోయగల సంచి ఒక్కటే సామానుగా, ఐరోపా నగరాలను రైళ్ళ మీదా కాలినడకనా చుట్టివచ్చే అలవాటు ఈమధ్య పుట్టిన మోజేనని చాలామంది తేలిగ్గా తీసివేస్తారు గాని, దాని పనితనాన్ని దగ్గరగా పరిశీలిస్తే అది కాశీయాత్రల కాలం నుంచి తెలుగువారికి అలవాటైన మజిలీ విద్యకే కొనసాగింపని తెలుస్తుంది. మజిలీ అంటే ఆనాటి ప్రయాణం ముగించి బస చేసే చోటు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఆగినచోట ఏం చూసి, ఏం తిని, ఎవరితో మాట్లాడి ముందుకు కదలాలో తెలిసి ఉండటమే ఈ విద్యలోని నేర్పు. అది తెలియనివాడు పది దేశాలు దాటినా దూరం గడిచిందే తప్ప యాత్ర జరిగినట్టు కాదు.

ఏలూరు దగ్గరి పెదవేగి ప్రాంతానికి ఈ విద్యతో చుట్టరికం పాతదే. శాలంకాయనులు రాజధానిగా ఏలిన వేంగి ఇదే. ఏడో శతాబ్దిలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ రాజధానిగా పేర్కొన్న ‘పింకిలో’ ఈ వేంగిపురమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ బౌద్ధ భిక్షువు వీపున వెదురు చట్రం మోస్తూ, అందులో గ్రంథాల చుట్టలు పేర్చుకొని నడుస్తున్నట్టు తర్వాతి కాలపు చిత్రకారులు బొమ్మలు గీశారు కనుక, వీపు సంచి యాత్రికుల్లో అగ్రపూజ ఆయనకే దక్కాలని పెదవేగి వాళ్ళు వాదిస్తే కాదనడం కష్టం.

తెలుగులో ఈ విద్యకు ఆదిగురువు మాత్రం ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే రెండు భాషల మధ్య మాట అందించే ఉద్యోగిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరేదాకా, సుమారు నూరుమంది పరివారంతో కాశీ వెళ్ళి వచ్చారు. ఆయన వీపున సంచి లేదు, ఎక్కడానికి పల్లకి ఉంది; అయినా ప్రతి మజిలీలోనూ బస ఎలా ఉంది, నీళ్ళు ఎలాంటివి, అంగళ్ళలో ఏ సరుకు దొరుకుతుంది, ముందున్న దారి గుల్లదా రాతిదా అని రాసిపెట్టిన ఆ శ్రద్ధ చూస్తే, నేటి ఏ ప్రయాణ యాప్ అయినా ఆయన ముందు చేతులు కట్టుకొని నిలబడవలసిందే. అంతకన్న గొప్ప సంగతి ఏమిటంటే, ఆ విశేషాలన్నీ ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య గతించాక 1838లో ఆ రాతలను కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించినదీ ఆ మిత్రుడే. తెలుగు యాత్రా సాహిత్యం ఒక స్నేహం చలవతో వెలుగు చూసిందనడంలో అతిశయోక్తి లేదు.

మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో ఇదే సూత్రాన్ని కథకు ఎక్కించారు: కాశీకి పోతున్న మణిసిద్ధుడికి తోడు వచ్చిన గొల్లపిల్లవాడు, ప్రతి మజిలీలో ఒక వింతకు సంబంధించిన కథ చెబితేనే ముందుకు నడుస్తానంటాడు. సహయాత్రికుడికి ఇంతకన్న మంచి ఒప్పందపత్రం ఎవరు రాయగలరు! ఇక సామాను విషయంలో ఏం చేయకూడదో నేర్పినవాడు మొగల్తూరు పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో వెలువరించిన బారిష్టర్ పార్వతీశంలో ఆ యువకుడు దారిలో దొరలు నవ్విపోయేలా ఆడవాళ్ళ టోపీ నెత్తిన పెట్టుకొని ఇంగ్లండుకు ప్రయాణం కడతాడు. ఐరోపా ప్రయాణానికి వస్తువులు కొనబోయే ప్రతి గోదావరి యువకుడూ ముందుగా ఆ పుస్తకం కొనుక్కోవడం మేలు. మన కాలంలో ఈ వరసకు పెద్దదిక్కు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన ఆచార్య మాచవరపు ఆదినారాయణ. కాలినడకనే సాధనంగా చేసుకొని దేశవిదేశాలు తిరిగి, భ్రమణకాంక్ష, భూభ్రమణకాంక్ష రాసి, ఇతరుల యాత్రలను కూడా తెలుగువారి ప్రయాణాలుగా కూర్చిన ఆయన ముందు, కారు అద్దంలోంచి ఊళ్ళు చూసేవాళ్ళ గొప్పలు ఎందుకూ కొరగావు. ఇది పక్షపాతమనుకుంటే అలాగే అనుకోవచ్చు.

ఐరోపా వైపు నుంచి చూస్తే ఈ అలవాటు చరిత్ర క్లుప్తంగా ఇదీ: జర్మనీలో రిషార్డ్ షిర్మన్ అనే బడిపంతులు 1909లో పిల్లలతో కాలినడకన పోతూ గాలివానలో చిక్కుకొని, నడిచే పిల్లలకు ఊరూరా చౌక బస ఉండాలని తలపోయగా యువ వసతిగృహాలు, అంటే నేటి హాస్టళ్ళు పుట్టాయి, 1959లో ఐరోపా బయటివారి కోసం యూరైల్ పాస్ అనే ఒకే టికెట్ వచ్చింది, 1985లో షెంగెన్ అనే లక్సెంబర్గు పల్లెలో కుదిరిన ఒప్పందం వల్ల తర్వాతి కాలంలో సభ్యదేశాల మధ్య సరిహద్దుల్లో నిత్య తనిఖీలు పోయాయి. ఒక్క షెంగెన్ వీసాతో 180 రోజుల్లో 90 రోజుల దాకా ఇరవైతొమ్మిది దేశాలు తిరగవచ్చు.

అసలు పనితనం సంచి దగ్గర మొదలవుతుంది. ఆరితేరినవారు నలభై లీటర్ల సంచి దాటరు, శరీరం బరువులో పదోవంతుకు మించి మోయరు. ఎందుకంటే ప్రాగ్, రోమ్ వంటి నగరాల పాతపేటల్లో వీధులు రాళ్ళు పరిచినవి, చాలా బసలకు లిఫ్టు ఉండదు, చక్రాల పెట్టె అక్కడ ఈడ్చేవాడికే శత్రువవుతుంది. బట్టలు మూడు జతలు, త్వరగా ఆరేవి, ఒకదానిపై ఒకటి తొడగదగ్గవి చాలు. తిండి దగ్గర మాత్రం గోదావరి, కొల్లేటి సీమల వారికి ఒక విశేషమైన వెసులుబాటు ఉంది. ఐరోపా సమాఖ్య చట్టం బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని నిషేధించింది గాని, చేపలూ రొయ్యలూ సొంత వాడకానికి పరిమితికి లోబడి తేనిస్తుంది. కాబట్టి కోడిమాంసం పచ్చడి, నెయ్యి విమానాశ్రయంలోనే పోతాయి, రొయ్యల పచ్చడి మాత్రం గుట్టుగా కాదు, దర్జాగా దాటుతుంది. కొల్లేరు ఇచ్చిన ఈ వరాన్ని సగంమంది ఎరగరు. హాస్టల్‌లో ఉమ్మడి వంటగది ఉంటుంది, అంగట్లో బియ్యం దొరుకుతాయి. ఆ తర్వాత నలుగురికి భోజనం ఖర్చు హోటల్లో ఒకరు తినే ఖర్చుకు మించదు.

రెండో నేర్పు దారి కూర్చడంలో ఉంది. ఒకదానికొకటి మూడు నాలుగు గంటల రైలు దూరంలో ఉన్న నగరాలను దండగా గుచ్చాలి. ప్రాగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటలు, వియన్నా నుంచి బ్రాటిస్లావాకు గంట, వియన్నా నుంచే బుడాపెస్టుకు రెండున్నర గంటలు: నాలుగు రాజధానులు, నాలుగు భాషలు, ఒక్క విమానం అక్కర్లేదు. దూరం ఎక్కువైతే రాత్రి రైలు పట్టాలి. ఆస్ట్రియా రైల్వే నడిపే నైట్‌జెట్ పడక బండ్లలో ప్రయాణం సాగుతుంది, ఆ రాత్రి బస ఖర్చూ తగ్గుతుంది. జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు మరో మెళకువ కనిపెట్టారు. 2023 మేలో 49 యూరోలతో మొదలై, ఆపైన ధర పెరిగిన నెలవారీ టికెట్ దేశమంతటా ప్రాంతీయ రైళ్ళకు చెల్లుతుంది, వేగపు బండ్లకు చెల్లదు. వాళ్ళు నిదానపు బండ్లనే ఎంచుకొని, మారవలసిన చిన్న జంక్షన్లన్నిటినీ మజిలీలుగా మార్చుకుంటారు. లక్సెంబర్గులోనైతే 2020 నుంచి ప్రజారవాణాలో సాధారణ తరగతికి టికెట్టే లేదు. రోమ్ వీధుల్లో రెండువేలకు పైగా ఉన్న ఇనుప కుళాయిల్లో మంచినీళ్ళు నిరంతరం పారుతుంటాయని తెలిసినవాడు సీసా నీళ్ళు కొనడు. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుందని తెలియని బృందం ప్యారిస్‌లో ఒక రోజు పోగొట్టుకుంటుంది.

మూడోది, అన్నిటికన్న కష్టమైనది, స్నేహాన్ని నిభాయించడం. నలుగురు ఉండటం మేలనడానికి కారణం ఉంది: హాస్టల్ గదుల్లో పడకలు తరచుగా నాలుగు, ఆరు లెక్కన ఉంటాయి, ఐదోవాడు తరచూ పరాయి గదిలో పడతాడు. ఒకరు పద్దు రాయాలి, ఒకరు దారి చూడాలి, ఒకరు వంట చూసుకోవాలి, నాలుగోవాడు అలకలు తీర్చాలి. ఈ చివరి పదవిని ఎవరూ ఎన్నుకోరు, ఎవరికో ఒకరికి దానంతట అదే దక్కుతుంది. నేర్పరులైన బృందాలు ప్రతి నగరంలోనూ ఒక పూట విడిపోయి, చెప్పుకున్న గంటకు, చెప్పుకున్న చోట కలుసుకుంటాయి; బొమ్మలు చూడాలనేవాడు బొమ్మలు చూస్తాడు, సంతకు పోవాలనేవాడు సంతకు పోతాడు, రాత్రి అన్నం దగ్గర మాట్లాడుకోవడానికి నలుగురి దగ్గరా నాలుగు కథలుంటాయి. దీక్షితులు చెప్పిన ఒప్పందమే ఇది.

ఇంతటి విద్య నేడు పోతున్న తీరు చూస్తే కడుపు మండుతుంది. ఇంగ్లండులో థామస్ కుక్ 1841లో ఒక షిల్లింగు ఛార్జీతో అయిదువందలమందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో తీసుకెళ్ళినప్పుడు అది పేదలకు ఉపకారమే. కానీ దాని మనవళ్ళయిన నేటి ప్యాకేజీ యాత్రలు పది రోజుల్లో ఎనిమిది దేశాలని చాటి, బస్సు దిగి ఇరవై నిమిషాల్లో ఫొటో దిగి మళ్ళీ ఎక్కమంటున్నాయి. వెళ్ళినవాడికి ఈఫిల్ గోపురం ముందు నిలబడిన తన ముఖం తప్ప ప్యారిస్ గుర్తుండదు. అంతకన్న ఘోరం, చక్రాల పెట్టెను టాక్సీలో వేసుకొని నాలుగు నక్షత్రాల హోటల్లో దిగి, పొద్దున వీడియో కోసం మాత్రం వీపున ఖాళీ సంచి తగిలించుకొనే వేషం. బాధ్యతగా తిరిగి, ధరలూ దారులూ నిజం చెప్పే తెలుగు వీడియో యాత్రికులు లేకపోలేదు, వారికి నమస్కారం. మిగిలినవారిది సంచారం కాదు, సంచి ప్రదర్శన.

ఈ మంద వెళ్ళిన చోటల్లా ఊళ్ళు విసిగిపోతున్నాయి. ఎనిమిదివందల జనాభా కూడా లేని ఆస్ట్రియా పల్లె హాల్‌స్టాట్ 2023లో సెల్ఫీల తాకిడి ఆపడానికి చెక్క కంచె కట్టింది. వెనిస్ 2024 ఏప్రిల్ నుంచి కొన్ని రోజుల్లో పగటి సందర్శకులకు అయిదు యూరోల రుసుము పెట్టింది. అదే ఏడాది జూలైలో బార్సిలోనా వాసులు పర్యాటకుల మీద నీటి తుపాకులు గురిపెట్టారు. ఎండాకాలం జనం తొక్కిసలాటలో వెళ్ళే బదులు ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్ళి, పెద్ద నగరంలో ఒక రోజు తగ్గించి చిన్న ఊళ్ళో రెండు రోజులు ఆగేవాడి మీద ఎవరూ నీళ్ళు చల్లరు.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట అనే ఆక్షేపణ ఉంది, దానిలో నిజమూ ఉంది. 2024 జూన్ నుంచి షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు. విమానం ఛార్జీ వేరు, బ్యాంకు ఖాతాలో చూపవలసిన సొమ్ము వేరు. అందుకే ఈ విద్యను ఇంటి దగ్గర మొదలుపెట్టమని ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల అధ్యాపకులను అడగవలసి ఉంది. నలుగురు విద్యార్థులు తమ సంచులు తామే మోస్తూ, వేంగి శిథిలాలు చూసి, గుంటుపల్లి బౌద్ధ గుహల దాకా పల్లె దారుల్లో రెండు మూడు మజిలీలు చేస్తూ నడిచి, శీతాకాలంలో కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షి కేంద్రం వైపు మరో యాత్ర కట్టి, ప్రతి మజిలీలో వీరాస్వామయ్యలాగే నీళ్ళు, బస, దారి, సరుకుల వివరం రాసి మిత్రులకు చదివి వినిపిస్తే, ఖర్చు కొన్ని వందల రూపాయలు దాటదు. ఆ రాతల్లో మంచివాటిని కళాశాల పత్రికల్లో అచ్చువేస్తే, వీసా దొరికిన రోజున ఆ నలుగురికి వియన్నాలో ఏం చేయాలో ఎవరూ నేర్పనక్కర్లేదు.