పావ్లోవా ఎవరిది అనే పంచాయితీ

ఆస్ట్రేలియాలో దీన్ని ఇలా అంటారు, న్యూజిలాండ్‌లో అలా అంటారు అని రెండు వరసల్లో పేర్చిన జాబితాలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. పిల్లలు మెల్‌బోర్న్‌లోనో ఆక్లండ్‌లోనో ఉన్న మన వాళ్లకి ఏదో ఒక రోజు ఇది వచ్చే ఉంటుంది. హవాయి చెప్పులు అక్కడ థాంగ్స్, ఇక్కడ జాండల్స్. ఐసుముక్కలు వేసి కూల్‌డ్రింకులు పెట్టుకునే పెట్టె అక్కడ ఎస్కీ, ఇక్కడ చిల్లీ బిన్ (మిరపకాయలకీ దానికీ ఏ సంబంధమూ లేదండోయ్). వీధి చివర చిల్లరకొట్టు అక్కడ మిల్క్ బార్, ఇక్కడ డెయిరీ. కొండలెక్కి అడవిలో నడిస్తే అక్కడ బుష్‌వాకింగ్, ఇక్కడ ట్రాంపింగ్. ఇలా పాతిక, ముప్పై మాటలు, చివర ఒక జెండా బొమ్మ.

చదవడానికి సరదాగానే ఉంటుంది. కానీ మాటల హద్దులు పట్టుకుని తిరిగే మనబోటివాళ్లం దీన్ని నమూనాగా తీసుకుంటే మాత్రం కష్టం. నేను ముప్పై ఏళ్లకు పైగా లెడ్జర్లు చూసినవాణ్ణి. ఒక ఖాతాలో పడాల్సిన జమ ఇంకో ఖాతాలో పడినా అడుగున టోటల్ సరిపోతుంది, అందుకే ఆ తప్పు ఎవరి కంటా పడదు. ఈ జాబితాల సంగతీ అంతే. ఒక్కో మాటా నిజమే, పెట్టిన ఖాతానే తప్పు.

పిపి అనే మాట తీసుకోండి. సముద్రపు ఒడ్డున ఇసకలో దొరికే ఆల్చిప్ప జాతిది, ఉడికించుకు తింటారు. ఇది మావోరీ మాట. న్యూజిలాండ్ నుంచి సముద్రం దాటి ఆస్ట్రేలియా చేరింది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ఇప్పుడు పిపి అంటే అక్కడి ఇసకలో దొరికే ఇంకో జాతి ఆల్చిప్ప. మాట ఒకటే, సరుకు వేరు. ఇంకా ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో పిపి అనే ఆ ఆల్చిప్పనే దక్షిణ ఆస్ట్రేలియాలో కాకిల్ అంటారు, గూల్వా ఊరి పేరు చేర్చి గూల్వా కాకిల్ అని అమ్ముతారు. క్వీన్స్‌లాండ్‌కి పోతే దాని పేరు యూగరీ. అది అక్కడి ఆదివాసుల భాషనుంచి వచ్చిన మాట. ఇప్పుడు రెండు వరసల జాబితాలో దీన్ని ఎక్కడ రాస్తారు? ఆస్ట్రేలియా వరసలో మూడు పేర్లు రాయాలి, అందులో ఒకటి న్యూజిలాండ్ వరసలోనూ రాయాలి, కింద మళ్లీ అది ఇది కాదు అని గమనిక పెట్టాలి. అందుకే జాబితావాళ్లు పిపి జోలికి పోరు. హద్దుకి ఒదిగిన మాటల్నే ఏరుకుని, చూశారా ఎంత తేడానో అంటారు.

ఈత బట్టల సంగతీ ఇంతే. న్యూజిలాండ్‌లో టాగ్స్. క్వీన్స్‌లాండ్‌లోనూ టాగ్సే. విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో బేదర్స్, సిడ్నీలో స్విమ్మర్స్, కాజీస్. బ్రిస్బేన్ మనిషి మాట మెల్‌బోర్న్‌తో కలవదు, వేల కిలోమీటర్ల సముద్రం అవతల ఉన్న ఆక్లండ్‌తో కలుస్తుంది. న్యూజిలాండ్ లోపల చూసినా అంతే. సెలవులకి పోయి ఉండే చిన్న ఇంటిని దేశంలో చాలా చోట్ల బాచ్ అంటే, దక్షిణాన ఒటాగో, సౌత్‌లాండ్‌లలో క్రిబ్ అంటారు.

బీరు గ్లాసుల విషయంలో లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. సిడ్నీలో స్కూనర్ అడిగితే 425 మి.లీ. గ్లాసు వస్తుంది. అడిలైడ్‌లో స్కూనర్ అడిగితే 285 మి.లీ. వస్తుంది. అక్కడ 425 కావాలంటే పైంట్ అనాలి. మిగతా చోట్ల పైంట్ అంటే 570. ఆ 285 గ్లాసుకి సిడ్నీలో మిడీ అని పేరు, మెల్‌బోర్న్‌లో పాట్ అని పేరు. ఒకే దేశం, ఒకే డాలరు, ఒకే మాట. చేతికొచ్చే కొలత మాత్రం వేరు. మా అల్లుడు అడిలైడ్‌లో పైంట్ చేతికి తీసుకుని చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు డబ్బులిచ్చింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

ఇక పుస్తకాల సంగతి. 1898లో మెల్‌బోర్న్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ మారిస్ ‘ఆస్ట్రల్ ఇంగ్లిష్’ అనే నిఘంటువు వేశారు. ఆస్ట్రేలియా కాలనీలు, న్యూజిలాండ్, టాస్మేనియా అన్నిటి మాటలూ ఒకే పుస్తకంలో. మావోరీ మాటలు, ఆదివాసుల మాటలు, చెట్లు, చేపలు, పిట్టలు అన్నీ కలిపి. అప్పటికి ఆ నీళ్ల మధ్య దేశపు గీత పడలేదు. 1901లో అమలైన ఆస్ట్రేలియా రాజ్యాంగంలో రాష్ట్రాలంటే ఏవో చెప్పేచోట న్యూజిలాండ్ పేరు ఇప్పటికీ ఉంది. వాళ్లు చేరలేదు, అంతే. ఆ తర్వాత సిడ్నీ బేకర్ వచ్చారు. ఈయన వెల్లింగ్టన్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన పత్రికా రచయిత. న్యూజిలాండ్ స్లాంగ్ మీద ఒక పుస్తకం రాశారు, 1945లో ‘ది ఆస్ట్రేలియన్ లాంగ్వేజ్’ రాశారు. మనిషి ఒక్కడే, దేశానికొక అట్ట. 1988లో రామ్సన్ సంపాదకత్వంలో ఆస్ట్రేలియన్ నేషనల్ డిక్షనరీ, 1997లో హ్యారీ ఆర్స్‌మన్ దశాబ్దాల కష్టంతో న్యూజిలాండ్ ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. రెండూ గొప్ప పనులే, అనుమానం లేదు. ప్రతి అర్థానికీ తేదీతో ఉదాహరణ చూపించే పద్ధతి. ఓచర్ లేకుండా ఎంట్రీ లేదన్నమాట, నాకు నచ్చే పద్ధతి. కానీ ఇలా దేశానికొకటిగా విడగొట్టడంతో ఉమ్మడి ఆస్తి కనపడకుండా పోతుంది. స్మోకో అంటే పని మధ్యలో టీ విరామం. రెండు దేశాల కూలీలూ ఆ మాటే అంటారు. ఒక్క పుస్తకమే కొనుక్కున్నవాడు మాత్రం అది తమ ఊరి సొంత మాటే అనుకుంటాడు. మారిస్ పుస్తకంలో శాస్త్రం తక్కువేమో గానీ, మాటల నడక తెలుసుకోవాలంటే ఆ ఉమ్మడి కాపురమే మేలని నా అభిప్రాయం.

కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ఇంకొకటి నా కంట పడింది. తేడాలుగా చూపించే మాటల్లో చాలా భాగం జనం నోట పుట్టినవి కావు, బిల్లుల మీద పుట్టినవి. జాండల్ అనేది 1957లో ఆక్లండ్‌లో రిజిస్టరైన వ్యాపార గుర్తు. ఎస్కీ ఒక బ్రాండు పేరు. లావుపాటి స్కెచ్ పెన్ను ఆస్ట్రేలియాలో టెక్స్‌టా, న్యూజిలాండ్‌లో వివిడ్, రెండూ బ్రాండులే. ఏ కంపెనీ సరుకు ఎంతవరకు పోయిందో మాట అంతవరకు పోయింది. దీన్ని రెండు జాతుల స్వభావాల్లో తేడా అని వ్యాఖ్యానించేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. మన డాల్డా, జిరాక్స్ మాటల్ని పట్టుకుని తెలుగు వాడి మనస్తత్వం చెప్పినట్టుంటుంది. మా కౌంటర్ దగ్గరికి ఫోటోకాపీ తెచ్చానన్న కస్టమరు ఒక్కడూ లేడు. అందరూ జిరాక్సే.

అసలు పంచాయితీ పావ్లోవాది. గుడ్డు తెల్లసొనలో పంచదార వేసి గిలకొట్టి, సన్నని సెగ మీద బేక్ చేసి, పైన మీగడ, పండ్ల ముక్కలు వేసే తీపి. పైన పెళుసు, లోపల మెత్తన. రష్యా నర్తకి అన్నా పావ్లోవా 1926లో రెండు దేశాల్లోనూ నాట్యం చేసింది, ఆమె పేరు పెట్టారు. ఇంతవరకు తగాదా లేదు. మొదట చేసిందెవరు? ఆస్ట్రేలియావాళ్లు చెప్పేది 1935లో పెర్త్‌లోని ఎస్ప్లనేడ్ హోటల్ వంటమాస్టరు బెర్ట్ సాక్సే అని. న్యూజిలాండ్‌వాళ్లు 1927 నాటి అచ్చు కాగితం చూపిస్తారు. 2010లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆన్‌లైన్ కూర్పులో 1927, న్యూజిలాండ్ అని పడేసరికి, తీర్పు వచ్చేసిందని పత్రికలు రాసేశాయి.

ఆ 1927 కాగితంలో ఏముందో చూడండి. డేవిస్ జెలటిన్ కంపెనీ వాళ్ల వంటల పుస్తకం అది. అందులో పావ్లోవా అనేది రంగురంగుల పొరల జెల్లీ! గుడ్డు గిలకొట్టిన కేకు కానే కాదు. జెలటిన్ అమ్ముకునే కంపెనీ జెల్లీ కాక ఇంకేం చెబుతుంది? నిఘంటువు తన పని తాను సరిగ్గానే చేసింది. పావ్లోవా అనే పేరు తిండికి ఎప్పుడు వాడారన్నదానికి అది పాత సాక్ష్యం. జనం దాన్ని వంటకి సాక్ష్యంగా తీసుకున్నారు. ఖాతాదారు పేరు కలిసిందని, సంతకం చూడకుండా చెక్కు పాస్ చేసినట్టు.

ఒటాగో విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చెప్పిన హెలెన్ లీచ్ 2008లో ‘ది పావ్లోవా స్టోరీ’ అని పుస్తకమే రాశారు. ఈ గందరగోళాన్ని సరిగ్గా పట్టుకున్నది ఆవిడే. పావ్లోవా పేరుతో మూడు వేరే వంటకాలు తిరిగాయని తేల్చారు: జెల్లీ ఒకటి, 1928లో డనీడిన్‌లో కాఫీ, అక్రోటు వేసి చేసిన చిన్న మెరాంగ్‌లు ఒకటి, మనం ఇప్పుడనే పెద్ద కేకు ఒకటి. ఆ కేకుకి కూడా 1929లో న్యూజిలాండ్ పాడిరైతుల పత్రికలో వంట విధానం దొరికింది. అంటే సాక్సే కంటే ముందే. తీర్పు చివరికి న్యూజిలాండ్‌కే మొగ్గినా, దానికి కారణం 1927 కాదు, 1929. ఈ రెండేళ్ల తేడా ఎందుకంటారా? దారి తప్పుగా పోయి ఊరు సరిగ్గా చేరినవాడు రెండోసారి కూడా అదే దారిన పోతాడు. 2015లో ఆండ్రూ వుడ్, అన్నాబెల్ యూట్రెక్ట్ అని ఒక న్యూజిలాండ్ ఆయన, ఒక ఆస్ట్రేలియా ఆవిడ కలిసి వెతికి, ఇటువంటి కేకులు జర్మన్ వంటల్లో, అమెరికాలో అంతకు ముందునుంచే ఉన్నాయని చూపించారు. పేరు వీళ్లది, పాకం ఇంకెవరిదో. లీచ్ పుస్తకం అట్ట మీద మాత్రం న్యూజిలాండ్ వంట చరిత్రలో ఒక ముక్క అన్న ఉపశీర్షిక ఉంది. లోపలి పనితనానికి ఆ అట్ట ఇరుకైందనిపిస్తుంది నాకు.

లామింగ్టన్ అనే కొబ్బరి తురుము అద్దిన కేకు కూడా న్యూజిలాండ్‌దేనని 2014లో ఒక వార్త వచ్చింది. అది ఏప్రిల్ ఒకటిన గార్డియన్ పత్రిక వేసిన ఫూల్. తేదీ చూడకుండా దాన్ని ఇప్పటికీ ఆధారంగా చూపేవాళ్లున్నారు. ఆన్జాక్ బిస్కట్ సంగతి వేరే రకం. ఆస్ట్రేలియాలో ఆ పేరుకి చట్టం కాపలా ఉంది. వంట విధానం బాగా మార్చకూడదు, బిస్కట్ అనాలి, కుకీ అనకూడదు. మాట మారకుండా సర్కారే కాపలా కాస్తున్న తిండి బహుశా ఇదొక్కటేనేమో.

ఇదంతా మనకెందుకంటే, మన మాటల సేకరణ కూడా ఇదే దారిన పోతోంది. ‘హోసూరు తెలుగు మాటలు’, ‘బళ్లారి తెలుగు మాటలు’ అంటూ జాబితాలు వస్తున్నాయి. ఒక వరసలో మనం, ఇంకో వరసలో ఆంధ్రావాళ్లు. సొరకాయ మన మాట, వాళ్లది ఆనపకాయ అని రాస్తున్నారు. రాయలసీమ అంతా సొరకాయే కదండీ! తమిళంలో సురైక్కాయ్, కన్నడంలో సోరెకాయి. ఆనపకాయ అనేది గోదావరి వైపు, విశాఖ వైపు మాట. గీత పడాల్సింది రాష్ట్రం సరిహద్దులో కాదు, ఆంధ్రా నడుమ. గోంగూరని తెలంగాణలో పుంటికూర అంటారు, ఉత్తర కర్ణాటకలో కన్నడిగులు పుండి పల్య అంటారు. భాష మారినా మాట తెగలేదు. వేరుశనక్కాయని చెనక్కాయ అనే ఊళ్లు చిత్తూరు నుంచి హోసూరు దాకా సరిహద్దు స్తంభాన్ని లెక్కచేయకుండా వరసగా ఉన్నాయి. కర్నూలు వైపు పోతే బుడ్డలు, తెలంగాణలో పల్లీలు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. ఏ మాట ఎక్కడ వాడతారో ఊరూరా తిరిగి రాబట్టిన పని. దానికి సాటి వచ్చేది మన భాషలో ఇంకొకటి నాకు కనపడలేదు. కానీ అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల వరకే. 1936లో గంజాం ఒరిస్సాకి పోయింది, 1953లో బళ్లారి మైసూరుకి పోయింది, హోసూరు మద్రాసులోనే ఉండిపోయింది, యానాం ఫ్రెంచివాళ్ల కింద ఉండేది. కాబట్టి మన నాగలి, మన మేడి, మన కాడి ఆ లెక్కలోకి రాలేదు. గీత అవతల పడిన మాటని ఎవరూ రాసుకోరు. అవతలివాళ్లు రాసుకోలేదని మనం ఇవతల నుంచి అదే గీత మళ్లీ గీస్తే, ఆ పదకోశంలో ఉన్న చిత్తూరు మాట పక్కన మన హోసూరు మాట ఎప్పటికీ కూర్చోదు.

అందుచేత మాట పంపేవాళ్లు ‘మనం, వాళ్లు’ అనే రెండు గడులు తీసేసి, ఊరు పేరు, చెప్పినవారి వయసు, వృత్తి, పక్క ఊళ్లో అదే సరుకుని ఏమంటారు అనే నాలుగు గడులు పెట్టండి. సరుకు బొమ్మ కూడా ఒకటి జత చేయండి, జెల్లీని కేకు అనుకోకుండా.